గూడబాతుల మిషతో కొల్లేటి ప్రయాణం

"నీ మీద ఒట్టురా, ఈ మాట నా గొంతు దాటదు" అని మా అక్క మొగుడు నా తల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు. అప్పుడు నేను ఏలూరులో వాళ్లింట్లో ఉండి చదువుకుంటున్నాను. పరీక్షకు వెళ్తూ కాలవ వంతెన మధ్యకు వచ్చేసరికి నా గుండె ఒక్కసారిగా దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అరచేతులు తడిసిపోయాయి. మోకాళ్లలో సత్తువ పోయింది. ఇక్కడే, ఇప్పుడే చచ్చిపోతున్నాననిపించింది. జ్వరం లేదు, ఎవరూ బెదిరించలేదు, పాఠాలు రాకపోవడమూ కాదు. పక్కనే ఉన్న బావ నన్ను వంతెన దిమ్మ మీద కూర్చోబెట్టి ఏమిటని అడిగితే ఉన్నదంతా చెప్పేశాను. ఇది తరచూ వస్తుందని, జనంలో వస్తుందని, పడవను చూస్తే వస్తుందని, ఒక్కోసారి ఏమీ చూడకపోయినా వస్తుందని. ఆయన ఒట్టు వేసింది అప్పుడే. ఆ తర్వాత నా పెళ్లి భోజనాల్లో ఆడపెళ్లివారు నన్ను ఆటపట్టిస్తుంటే, వాళ్లకు సాయంగా ఆ కథంతా చెప్పాడు. నా మోకాళ్లు ఎలా వణికాయో విస్తరి ముందు నుంచి లేచి నిలబడి ఆడి చూపించాడు. బంతి మొత్తం నవ్వింది. ఆనాటి నుంచి అత్తవారి ఊళ్లో నా పేరు బెదురు పెళ్లికొడుకు. నేను ఇంక ఆ సంగతి ప్రాణమున్న ఏ మనిషికీ చెప్పలేదు, మొన్న పుష్యమాసం దాకా. కొల్లేరు చూడటానికి వెళ్లాలనుకునేవారికి దారీ ఖర్చూ చెప్పడానికే ఇది రాస్తున్నాను గాని, నేను ఎందుకు వెళ్లానో చెప్పకపోతే అది సగం మాటే అవుతుంది.

నా జబ్బుకు నేను చూపించుకోని వైద్యుడు లేడు, అయితే ఎవరికీ నిజం చెప్పలేదు. నిద్ర పట్టడం లేదనో అరగడం లేదనో చెప్పేవాణ్ణి. ఒకాయన వాతమన్నాడు, లేహ్యం ఇచ్చాడు. గొట్టం పెట్టి చూసిన ఇంగ్లీషు డాక్టరు గుండె గుర్రంలా ఉందనీ, పిల్లలు పుడితే అన్నీ సర్దుకుంటాయనీ చెప్పి ఫీజు పుచ్చుకున్నాడు. పిల్లలు పుట్టారు, పెరిగారు, వాళ్లకూ పెళ్లిళ్లయ్యాయి. రిజిస్ట్రారాఫీసులో గుమాస్తాగా ఉన్నంతకాలం రాత్రిపూట దొరికిన పుస్తకమల్లా చదివాను. వైద్యం, వేదాంతం, ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన ఆరోగ్య గ్రంథాలు, మన పత్రికల్లో యువకులకు హితబోధలు. చన్నీళ్లు పోసుకోమని ఒకరు, ఊపిరి బిగబట్టమని ఒకరు, భయపడేవాడు మగవాడే కాడని మిగిలిన అందరూ. రాసినవాళ్లలో ఒక్కడికైనా ఎప్పుడైనా అరచెయ్యి చెమర్చిందా అని నా అనుమానం. నాకు పనికొచ్చినవి పుస్తకాల్లో లేవు. ఎక్కడికి వెళ్లినా బాగా ముందే వెళ్లడం, గుమ్మం పక్కన కూర్చోవడం, బుగ్గన శొంఠి ముక్క పెట్టుకోవడం. వీటితోనే సర్వీసు పూర్తి చేసి, తాడేపల్లిగూడెంలో పింఛను తీసుకుంటున్నాను. పడవ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. పడవకు గుమ్మం ఉండదు.

క్రిస్మస్ సెలవులు ముగుస్తాయనగా మా చిన్నమ్మాయి సుభద్ర ఏలూరు నుంచి ఒక్కతే గూడెం వచ్చింది. దాని భర్త వెంకటరత్నం జిల్లా బోర్డు బడిలో మాస్టరు. ఆయన్ని దసరాల తర్వాత కొల్లేటి మధ్యలో ఉన్న ఒక లంకకు బదిలీ చేశారు. ఏదో విధంగా వెళ్లి చేరారు గాని, సెలవులకని ఇంటికొచ్చినప్పటి నుంచి కడుపులో నొప్పి అంటున్నారట. సోమవారం బడి తెరిచే వేళకు అక్కడ లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని ఇన్‌స్పెక్టరు చెప్పేశాడు. చేతిలో ఇద్దరు చిన్నపిల్లలు, వేరే ఆధారం లేదు.

"నొప్పి లేదు, ఏమీ లేదు నాన్నగారూ" అంది అమ్మాయి. "ఆయనకు దోనె అంటే భయం. నోరు విప్పి చెప్పరు. మగవాళ్లు కదా! మీరు పక్కన ఉంటే ఎక్కుతారు. పక్షుల్ని చూడాలని ఉంది, తీసుకెళ్లండి అని మీరే అడగండి. నేను చెప్పానని మాత్రం అనకండి."

"నేనా?"

"మీరు కాక ఇంకెవరున్నారు? మీకు ధైర్యం ఎక్కువ."

ఈ మాట అన్నప్పుడు దాని మొహంలో గీత కూడా కదల్లేదు. అప్పుడే నేను అనుమానించాల్సింది. తర్వాత ఒక జత ఎండు సొరబుర్రలు తాడుతో సహా తెచ్చి నా సంచీలో అడుగున పెట్టింది. మా వైపు పిల్లలు కాలవలో ఈత నేర్చుకునేటప్పుడు వీపుకు ఇవే కట్టుకుంటారు, మనిషిని మునగనివ్వవు. "నీళ్ల మధ్యకు వెళ్లాక ఆయనకు కట్టండి. ముందే చూపిస్తే సిగ్గుపడతారు" అంది. ఆయనది చింతలపూడి మెట్ట ప్రాంతం, ఈత రాదు. నాకూ రాదు. కాలవల మధ్య పుట్టినవాడికి ఈత రాదంటే నవ్వుతారని అదీ ఎవరికీ చెప్పలేదు.

పక్షుల్ని చూడాలని ఉంది, తీసుకెళ్లండి అని అల్లుడుగారికి కార్డు రాసి పడేసి, ఆదివారం పొద్దున్నే గూడెంలో పాసింజరు ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు పది అణాలకు లోపే. బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద ఎంతసేపు కూర్చున్నానో చెప్పను గాని, పోర్టరు ఊడ్చడం మొదలుపెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను, ముగించినప్పుడూ అక్కడే ఉన్నాను. వెళ్లేవారు ఎడమ వైపు కిటికీ చూసుకోండి. ఉంగుటూరు, కైకరం, పుల్ల దాటుతుంటే కోతలైన చేలూ కుప్పలూ కనిపిస్తాయి. భీమడోలు వచ్చేసరికి దక్షిణం వైపు ఆకాశంలో పక్షులు బారులు బారులుగా పోతుంటాయి. సరస్సు కనిపించదు. రైల్లోంచి కొల్లేరు కనిపించిందని పత్రికల్లో రాసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లు ఏలూరు స్టేషన్లో కాఫీ తాగి వెనక్కి వెళ్లిపోయే రకం.

ఏలూరు స్టేషనుకు అల్లుడుగారు జట్కా తీసుకుని వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటారు. "ప్రయాణం బాగా జరిగిందాండీ?" అంటూ అరచేతులు పంచెకు తుడుచుకున్నారు. నాకు వెంటనే అర్థమైంది. ఆ తుడుచుకోవడం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఈయన్ని ఎలాగైనా ఒడ్డు చేర్చాలని అక్కడే గట్టిగా అనుకున్నాను.

జట్కా బజారు మలుపు తిరిగేసరికి కాఫీ హోటలు ముందు బల్ల మీద మా బావ కూర్చుని ఉన్నాడు. ఆమధ్య అందరితో పాటు ఉప్పు వండి కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చాక ఖద్దరు శాలువా కప్పుకుని సభల్లో నిర్భయత్వం మీద ఉపన్యాసాలు ఇస్తున్నాడు. జైలుకు వెళ్లడం మంచిపనే, కాదనను. ఆయన నన్ను చూసి చెయ్యెత్తి జట్కా ఆపించాడు.

"ఏవోయ్ బెదురు పెళ్లికొడుకా! సంచీ సర్దుకుని ఎక్కడికి?"

"కొల్లేటికి. పక్షుల్ని చూడటానికి."

"పడవలోనా? నువ్వా?" పక్కన కాఫీ తాగుతున్నవాళ్ల వైపు తిరిగాడు. "మా బావమరిదండీ. కాలవ వంతెన దాటాలంటే ఇతనికి ఎవరైనా వేలు పట్టుకోవాలి."

"అయితే మీరూ రండి బావా, పట్టుకుందురుగాని. నిర్భయత్వం కదా, నీళ్ల మీద కూడా పనిచేస్తుందేమో చూద్దాం."

"నాకు సాయంత్రం సభ ఉంది" అన్నాడు శాలువా సర్దుకుంటూ.

జట్కా కదిలాక తోలే సాయిబు వెనక్కి తిరిగి, "ఎవరండీ ఆయన? పెద్దమనిషిలా ఉన్నారు" అన్నాడు. "అలానే ఉంటాడు" అన్నాను. అల్లుడుగారు ఈ మాటలన్నీ విన్నారు. నవ్వలేదు. ఎదురుగా తివాచీలు ఆరవేసిన గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఆ పేరు విని నవ్వని మనిషిని చూడటం నాకు అదే మొదలు.

ఇంట్లో అమ్మాయి వేడివేడిగా అన్నం పెట్టింది. కందిపచ్చడి, వంకాయ కూర, మజ్జిగ. తిన్నాక ఏలూరు నుంచి సరస్సు అంచుకు బండి మాట్లాడుకున్నాం. రానూ పోనూ అయితే రెండు రూపాయలు అడుగుతారు, ఒకవైపుకే అయితే రూపాయికి వస్తారు. మేం ఒకవైపుకే కట్టించుకున్నాం. మోటారు బస్సులు కొంతదూరం వెళ్తాయంటారు గాని, ఏరోజు వెళ్తాయో బస్సు యజమానికే తెలియదు. ఒంటెద్దు బండిలో గడ్డి పరుచుకుని కాళ్లు చాపుకుంటే దారి సుఖంగానే ఉంటుంది. రెండు పక్కలా తాడిచెట్లు, మినుము చల్లిన చేలు, పోనుపోను నేల మెత్తబడి నల్లబడుతుంది. దారి పొడుగునా నేను ఆయన్ని కనిపెడుతూనే ఉన్నాను. కడుపులో ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందన్నారు. మీకు ఎండ తగులుతోందా అని ఆయన అడిగారు. లేదన్నాను. కాస్సేపాగి దాహంగా ఉందా అని నేను, నడుం నొప్పిగా ఉందా అని ఆయన. చివరికి బండివాడు ఎద్దును అదిలిస్తూ, "ఇద్దరూ ఒకర్నొకరు తెగ అడుగుతున్నారు, ఇంతకీ జబ్బు ఎవరికండీ?" అన్నాడు. ఇద్దరం తలో వైపుకు తిరిగి పొలాలు చూశాం.

సరస్సు ఒక్కసారిగా ఎదురవదు. ముందు బురద, తర్వాత కిక్కిస గడ్డి, గడ్డి మధ్య నీటి సందులు, ఆ సందుల చివర ఇంక ఒడ్డు కనిపించని నీళ్లు. ఆ వెలుతురు చూసేసరికి నా గుండె మొదలుపెట్టింది. శొంఠి ముక్క బుగ్గన వేసుకున్నాను. కొల్లేట్లో మనుషుల్ని దాటించేది తాటిదోనె. తాటిమానును రెండుగా చీల్చి లోపల తొలిచేస్తే అదే దోనె. ఒంటి దోనె మీద చేపలవాళ్లు తప్ప ఎవరూ నిలవలేరు. రెంటిని పక్కపక్కన కట్టి పైన కర్రలు వేస్తే దాన్ని సంగడి అంటారు. మనలాంటివాళ్లు ఎక్కాల్సింది అది. మనిషికి రెండణాలు, సామాను ఎక్కువుంటే ఇంకో అణా. మా సంగడివాడు పోలయ్య. నల్లగా, దిట్టంగా, గెడ భుజాన వేసుకుని, నోటికి విశ్రాంతి లేని మనిషి.

"మాస్టారొచ్చేసేరు! ఇంక రారనుకుని ఊళ్లో పిల్లలంతా పండగ సేసుకుంటన్నారండీ" అన్నాడు. "ఈరెవరండీ?"

"మా మామగారు. పక్షుల్ని చూడటానికి వచ్చారు."

"పచ్చులా? ఇంట్లో కోళ్లు లేవాండీ?"

కర్రల మీద చాప పరిచి మమ్మల్ని మధ్యలో పక్కపక్కనే కూర్చోమన్నాడు. "కాళ్లు ముడుసుకోండి. సెయ్యి బయట పెట్టకండి. లేవకండి. అంతే" అని గెడతో తోశాడు. పొద్దు తిరిగాక గాలి లేస్తుందని పుస్తకాల్లో చదివాను, నిజంగానే లేచింది. నీళ్లు చిన్నచిన్నగా మడతలు పడి దోనె పక్కలకు తట్టుకుంటుంటే తాటిమాను నా తుంటి కింద కదిలింది. ఒడ్డు వెనక్కి పోయింది. నాకు ఊపిరి పైపైనే ఆడటం మొదలైంది. చెవుల్లో గుండె చప్పుడు. వేళ్ల చివర్లు తిమ్మిరి. దూరంగా గూడబాతులు గుంపుగా నీళ్ల మీద తేలుతున్నాయి. తెల్లగా, పెద్దగా, గొంతు కింద సంచులతో. వాటిని చూడటానికే దేశదేశాల నుంచి వస్తారట. నాకు అవి ఉన్నాయని తెలిసింది, అంతే. కళ్లు పక్కనున్న మనిషి మీదే పెట్టుకున్నాను. ఆయన మొహం పాలిపోయి ఉంది. పెదాలు బిగబట్టారు. ఇదే సమయమని, సంచీ విప్పబోతూ ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"భయపడకండి మామగారూ, నేనున్నాను."

"నాకెందుకండీ భయం? నేనున్నాను, మీరు భయపడకండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "అంటే... మీ కోసం కదండీ నేను ఇవాళ బయల్దేరింది?"

"నా కోసమా?"

"మీకు ఎన్నాళ్ల నుంచో కొల్లేరు చూడాలని ఉందట. నీళ్లంటే భయమై ఇన్నేళ్లూ ఆగిపోయారట. నేను పక్కన ఉండి తీసుకెళ్తే గాని వెళ్లలేరు, మీరు అడిగితే కాదనకండి అని సుభద్ర చెప్పింది. లేకపోతే నేను..." అని ఆగి, తన సంచీలోంచి ఒక జత ఎండు సొరబుర్రలు తీశారు. తాడుతో సహా. "ఇవి నీళ్ల మధ్యకు వెళ్లాక మీకు కట్టమంది. ముందే చూపిస్తే సిగ్గుపడతారని."

నేను నా సంచీలో చెయ్యి పెట్టి నా జత తీశాను.

పోలయ్య గెడ ఆపేశాడు. నాలుగు సొరబుర్రల్నీ చూశాడు, మా ఇద్దరి మొహాలూ చూశాడు. "ఇదేటండీ, లంకలో సొరకాయల యాపారం పెడతన్నారా?" అని అంత గాలిలోనూ పెద్దగా నవ్వాడు. గెడను నిలువుగా నీళ్లలో దించి పైకి తీసి తడి ఎక్కడిదాకా ఉందో చూపించాడు. "మొలలోతండీ బాబూ! పడ్డా నిలబడొచ్చు. ఇద్దరూ ఒకర్నొకరు అలా పట్టుకుని లాగేరనుకోండి, అప్పుడు మాత్రం తిరగబడుద్ది. వదలండి సేతులు."

వదిలాం. అల్లుడుగారు ముందు నవ్వారు. అది చూసి నేనూ నవ్వాను. ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. మొలలోతే అని తెలిశాక నా దడ తగ్గలేదు. రవ్వంత కూడా తగ్గలేదు. విషయం తెలియకపోవడం వల్లే భయం కలుగుతుందనీ, జ్ఞానంతో పోతుందనీ రాసే మహానుభావులు ఒకసారి ఆ గెడ పట్టుకుని నీళ్లు కొలిచి, నా చెయ్యి పట్టుకుని నాడి కూడా కొలవాలి. తగ్గింది వేరే. అది బయటికి కనిపించకుండా చూసుకునే చాకిరీ తగ్గింది. గుండె కొట్టుకుంటోంది, కొట్టుకోనీ అనిపించింది. "మీకు వేళ్లు తిమ్మిరెక్కుతాయా?" అని ఆయన్ని అడిగాను. "ఎక్కుతాయండీ. మీకూనా?" అన్నారు ఆశ్చర్యంగా. "నోట్లో తడి ఆరిపోతుందా?" "ఆరిపోతుందండీ. ముందు రోజు నుంచే అన్నం సయించదు." అలా ఇద్దరం కాశీ వెళ్లొచ్చినవాళ్లు సత్రాల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటూ కూర్చున్నాం. ఆయనకు ఒక శొంఠి ముక్క ఇచ్చాను. మా మాటలు వింటున్న పోలయ్య, "నాకు రైలంటే అంతేనండీ. ఏలూరు నడిసెళ్లిపోతాను గాని అదెక్కను. కూత ఏస్తే సాలు, పేగులు కదిలిపోతాయి" అన్నాడు. ఆ మాట ఎవరూ అడక్కుండానే అన్నాడు, అని మళ్లీ గెడ వేయడంలో పడ్డాడు.

పొద్దు వాలక ముందే లంక చేరాం. లంకంటే నీటి మధ్య ఎత్తు చేసిన మట్టిదిబ్బ, దాని మీద ఒకదాన్నొకటి ఆనుకుని రెల్లు కప్పిన ఇళ్లు. బడి ఒక తాటాకుల పాక. పక్కనే మాస్టారు ఉండే గది. ఊరి పెద్ద ఇంటి నుంచి కొరమీను పులుసూ అన్నమూ పంపారు. పులుసులో చింతకాయ వేస్తారు, పండు వేయరు. ఏలూరు హోటళ్లలో కొల్లేటి పులుసని పెట్టేదానికీ దీనికీ సంబంధం లేదు. తెచ్చినావిడ "పెద్దాయన ఇంకొంచెం ఏయించుకోవాలండీ" అని నిలబడి మరీ వడ్డించింది. వెళ్లేవారు భోజనానికి డబ్బులివ్వబోకండి, చిన్నబుచ్చుకుంటారు. ఏలూరు నుంచి బెల్లమో, తమలపాకులో పట్టుకెళ్లండి.

తిన్నాక ఇద్దరం దిబ్బ అంచున కూర్చున్నాం. గూడబాతులు గుంపులుగా చెట్ల మీదికి చేరుతున్నాయి. అప్పుడు చూశాను వాటిని, తీరిగ్గా. అంత బరువైన పక్షి కొమ్మ మీద వాలేముందు గాల్లో కాళ్లు ముందుకు చాపి, వద్దా వద్దా అన్నట్టు రెక్కలు కొట్టుకుంటుంది. నేను ఆ మధ్యాహ్నం నుంచి మనసులో పెట్టుకున్న ప్రశ్న అడిగేశాను.

"నా సంగతి అమ్మాయికి ఎవరు చెప్పారండీ? మా బావేనా?"

"కాదండీ. అత్తగారు చెప్పారట, ఆవిడ ఉన్నప్పుడే."

"ఏమని?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "'మీ నాన్నగారికి పడవ భయం. ఎప్పుడూ అడక్కండి. ఆయన నోటితో ఆయనే చెప్పేదాకా మనకు తెలియనట్టే ఉండాలి' అన్నారటండీ."

మా ఇంటావిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ చెల్లెల్ని ఆకివీడు ఇచ్చారు. అప్పట్లో నాకు ఏలూరులో ఉద్యోగం. కొల్లేటి మీద పడవలో వెళ్తే ఒక్క పూటలో ఆకివీడు చేరవచ్చు. ఏటా ఒకసారి ఆవిడ, "పడవలో వెళ్తే పిల్లలకు సరదాగా ఉంటుందేమోనండీ" అనేది. నేను, నీకు చెమ్మ పడదు, జలుబు చేస్తుంది అనేవాణ్ణి. ఆవిడకు జీవితంలో జలుబు చేసి ఎరగను. సరస్సు చుట్టూ తిరిగి బండి మీద వెళ్లేవాళ్లం, రోజున్నర పట్టేది. చెల్లెలికి బాగా లేదని కబురొచ్చినప్పుడూ అలాగే వెళ్లాం. చేరేసరికి ఆ అమ్మాయి లేదు, ఇల్లు కడిగేస్తున్నారు. తిరిగొచ్చేటప్పుడు బండిలో ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పెళ్లినాటి కథను ఆవిడ కుర్రతనపు వేళాకోళంగా తీసుకుందనీ, ఇప్పుడు నేను మోటుమనిషిననీ, చెప్పినా విననిరకమనీ అనుకుంటోందనీ అనుకున్నాను, అనుకోనీ అని ఊరుకున్నాను. బెదురు మనిషి అనిపించుకోవడం కంటే అదే నయమనిపించింది. ఆవిడకు అంతా తెలుసనీ, నేనే చెబుతానని కనిపెట్టుకుని ఉందనీ ఇన్నాళ్లకు, ఆ దిబ్బ మీద, అల్లుడి నోటి మీదుగా తెలిసింది.   పక్షులు సర్దుకునేదాకా కూర్చున్నాం.

సోమవారం పొద్దున్న దూలానికి వేలాడుతున్న రైలుపట్టా ముక్కను అల్లుడుగారు స్వయంగా కొట్టారు. పిల్లలు నీళ్లలోంచి వచ్చినట్టే వచ్చారు, సగం మంది నిజంగా దోనెల మీద తోసుకుంటూ వచ్చారు. ఆయన బోర్డు మీద తేదీ వేసి పాఠం మొదలుపెట్టాక నేను సంచీ తీసుకున్నాను. గుమ్మం దాకా వచ్చారు.

"శనివారం ఇంటికి రావాలి కదండీ. మళ్లీ దాటాలి."

"దాటాలి."

"మళ్లీ భయం వేస్తుందండీ."

"వేస్తుంది" అన్నాను. ఆయన తల ఊపి లోపలికి వెళ్లారు. సొరబుర్రలు నాలుగూ అక్కడే వదిలేశాను, పిల్లలు అప్పుడే వాటికి ముక్కూ మూతీ గీస్తున్నారు.

తిరుగుప్రయాణానికి నేను ఒక్కణ్ణే. సంగడి నిండా ఏలూరు వెళ్లే చేపల బుట్టలు. చాప లేదు, పక్కన పట్టుకోవడానికి మనిషి లేడు.  పోలయ్య గెడ తీసి సిద్ధంగా ఉన్నాడు. వంతెన దిమ్మ మీద కూర్చుని చెప్పిన తర్వాత ఇన్నేళ్లలో మొదటిసారి నేనై నేను ఆ మాట నోటితో అన్నాను. "పోలయ్యా, నాకు ఇది ఎక్కాలంటే చాలా భయమయ్యా."

"సరేనండీ" అన్నాడు. "ఆ బుట్ట ఇటు జరిపి కూకోండి. తడి అంటుద్ది, పంచె ఎగగట్టుకోండి."

అంతే. నవ్వలేదు, ఓదార్చలేదు, ధైర్యం చెప్పలేదు. నేను బుట్ట జరిపి కూర్చున్నాను. ఒడ్డు చేరేదాకా గుండె కొట్టుకుంటూనే ఉంది. కూర్చున్నంతసేపూ పోలయ్య తన మేనల్లుడి పెళ్లి గొడవ చెబుతూనే ఉన్నాడు, అందులో మూడొంతులు విన్నాను కూడా.  చేపల బండి మీదే ఏలూరు వచ్చాను. గూడెం వెళ్లే సాయంత్రం రైలుకు ముందు అమ్మాయి ఇంటికి వెళ్లి, మాస్టారు బడిలో ఉన్నారని మాత్రం చెప్పాను. "పక్షులు బాగున్నాయా నాన్నగారూ?" అంది. "బాగున్నాయి. మీ అమ్మ చూసి ఉంటే బాగుండేది" అన్నాను. అది వెనక్కి తిరిగి పొయ్యి ఊదడం మొదలుపెట్టింది.

ఈ ప్రయాణంతో నా భయం పోయిందని రాయను. ఇంటికొచ్చిన మర్నాడు పోస్టాఫీసు వరసలో నిలబడితే మామూలుగానే వచ్చింది. కాకపోతే దానికి తోడుగా ఉండే రెండో చాకిరీ, ఎవరు చూస్తున్నారో అని చుట్టూ చూసుకోవడం, కొంచెం తక్కువైంది. చాకిరీ చాకిరీయే, ఎంత తగ్గినా మేలే. ఇన్నేళ్లు నోరు మూసుకున్నది మీరు కదా, తప్పు ఇంకొకరిదంటారేం అని మా అమ్మాయి అంటుంది. దాని న్యాయం దానిది. కుర్రతనంలో ఒకరిని నమ్మి నోరు తెరిస్తే, ఆ తెరిచిన నోటిని పదిమందిలో నవ్వులతో కుట్టేస్తే, అది మళ్లీ విప్పుకోవడానికి మనిషికి ఎంతకాలం పడుతుందో అది ఎరగదు. ఆ కాలంలోనే ఒక ఆడమనిషి తన చెల్లెలి చివరిచూపుకు నోచుకోలేదు. దీనికి నేను ఎవరినీ క్షమించదలుచుకోలేదు.

కొల్లేటికి వెళ్లేవారు శీతకాలంలో వెళ్లండి, గాలి లేవక ముందే దాటేలా తెల్లారగట్ల బయల్దేరండి. నాలా దడ ఉన్నవారైతే సంగడిలో కాలు పెట్టేముందే ఆ మాట పక్కనున్న మనిషితో చెప్పేయండి, దారి సగం తేలికవుతుంది. అయితే ఆ మనిషిని చూసుకుని మరీ చెప్పండి. సంగడి తోసేవాడికి చెప్పండి, అల్లుడికి చెప్పండి, అందరికంటే ముందు ఇంట్లో ఆడవాళ్లకు చెప్పండి. తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసేవాడికి మాత్రం చెప్పకండి. ఏలూరులో కాఫీ హోటలు ముందు బల్ల మీద శాలువా కప్పుకుని అలాంటివాడొకడు ఇప్పటికీ కూర్చుని ఉంటాడు. మా బావ, కోటిలింగం.